నిద్ర పట్టే గుడ్డ

ఆ వీధిలో ఆయన్ని అందరూ కెప్టెన్ అంటారు. సముద్రం సంగతి అటుంచండి, మోకాలు దాటిన నీళ్ళలో ఆయన దిగగా చూసినవాళ్ళు లేరు. అయినా కెప్టెనే. ఎందుకంటే ఆయన తన పాత పికప్ బండిని నడపడు, తేలుస్తాడు. బ్రేకు వేస్తే లంగరు దించానంటాడు. మలుపు తిప్పితే చుక్కాని తిప్పానంటాడు. గుంటలో చక్రం పడి పళ్ళు టకటకలాడినప్పుడు కూడా, "కెరటం బాబూ, కెరటం" అనేసి మీసం తుడుచుకుంటాడు.

ఆ బండికీ ఒక పేరుంది. పెద్దకోడలు. ఇంటి చాకిరీ అంతా తనే చేస్తుంది, చేసినంతసేపూ సణుగుతుంది, ఒక్కరోజు మెకానిక్ దగ్గరికి పోయి కూర్చుందా, ఇల్లు కదలదు. గుండ్రటి దీపాలు, చెంపలు ఉబ్బిన మడ్‌గార్డులు, వెనక తొట్టికి చెక్క పలకలు. తొట్టి మీద వంచిన ఇనుప కమానులు, వాటి మీద కప్పిన కాన్వాసు గుడ్డ. బండి పాతది అంటే కెప్టెన్‌కి కోపం. "పాతదా? ఈ బండి దిగినప్పుడు ఇంకా రోడ్లు వేయలేదు. ఇది నడిచిన చోటల్లా తర్వాత తారు పోశారు" అంటాడు. ఎదురింటి ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టి మరీ చప్పట్లు కొడతాడు.

ఇక కెప్టెన్ భార్య. ఆవిడ పరుపులక్క. వాళ్ళ ముందుగదే ఆవిడ కార్ఖానా. గది నిండా దూది. గుమ్మంలో నిలబడి గట్టిగా తుమ్మితే లోపల మబ్బు లేస్తుంది. చారల గుడ్డని సంచిలా కుట్టి, దూది నింపి, కర్రతో కొట్టి సమం చేసి, జానెడు దబ్బనంతో అక్కడక్కడ ముడి వేస్తుంది. ఆవిడ కుట్టిన పరుపు మీద పడుకున్నవాడికి తెల్లారి లేచి తన పేరు తను గుర్తు తెచ్చుకోవడానికి కాసేపు పడుతుందని ఆ చుట్టుపక్కల ప్రతీతి. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. సెలూన్ ఆయన ఒకసారి అలాగే లేచి తన గడ్డమే తను గీయించుకోవడానికి వేరే సెలూన్‌కి వెళ్ళాడు.

ఊళ్ళో సగం మందిని నిద్రపుచ్చే ఆ మనిషికి మాత్రం నిద్ర పట్టదు. చిన్నప్పట్నుంచీ అంతే. పక్కమీద వాలితే చాలు, కళ్ళు పత్తికాయల్లా విచ్చుకుంటాయి. గోడమీద బల్లి కదిలినా తెలుస్తుంది, పక్కింటివాళ్ళ పంపు కారినా తెలుస్తుంది. ఆవిడ పుట్టాక కంటినిండా నిద్రపోయింది ఒక్కచోటే. పెద్దకోడలి తొట్టిలో, ఆ కాన్వాసు కింద.

అదెలా తెలిసిందంటే, పెళ్ళి కథ చెప్పాలి. అప్పుడు కెప్టెన్ ఇంకా కెప్టెన్ కాదు, బడి మధ్యలో వదిలేసి దూది బేళ్ళు తోలుకునే కుర్రాడు. పరుపులక్క నాన్నగారి షెడ్డుకి బేళ్ళు తెచ్చేవాడు. ఒకరోజు ఆ తండ్రి ముందు సీట్లో, కూతురు వెనక బేళ్ళ మీద కూర్చుని మిల్లు నుంచి బయల్దేరారు. షెడ్డు దగ్గరికి వచ్చి దిగమంటే పిల్ల దిగదు. పిలిస్తే పలకదు. తండ్రికి గుండె జారిపోయింది. కాన్వాసు ఎత్తి చూస్తే, నోరు కాస్త తెరుచుకుని, చెంప కింద చెయ్యి పెట్టుకుని, గురక. సన్నగా, పిల్లి గురక. ఆ తండ్రి బండి పక్కనే గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. "ఇది నిద్రపోగా నేనెప్పుడూ చూళ్ళేదు బాబూ" అన్నాడు. అని, "ఇంజను ఆపకు" అన్నాడు. కుర్రాడు ఆపలేదు. ఆ రోజు కాలిన పెట్రోలే తన కట్నం అని కెప్టెన్ ఇప్పటికీ చెప్పుకుంటాడు, ఎదురు కట్నం.

అప్పట్నుంచీ వాళ్ళిద్దరి పద్ధతి ఒకటే. పరుపులు సిద్ధమైతే తొట్టిలో ఎక్కిస్తారు. ఆయన చుక్కాని దగ్గర, ఆవిడ వెనక పరుపుల మీద. ఏ హాస్టలుకో, ఏ కొత్త కాపురానికో దింపడానికి పోయే దారిలో ఆవిడ నిద్ర. తిరిగి వచ్చేటప్పుడు, ముందు సీటుకీ తొట్టికీ మధ్య ఉన్న చిన్న కిటికీ రెక్క జరిపి, ఆవిడ కల చెబుతుంది.

ఆ కల మామూలు కల కాదు. తెగిపోదు. నిన్న ఎక్కడ ఆగిందో ఇవాళ అక్కడ్నుంచి మొదలవుతుంది. ఒక ఊరు. వాలుగా కిందికి దిగే వీధి. వీధికి రెండువైపులా మూసిన కిటికీలు, కిటికీల్లో కుండీలు. ఎక్కడో నీళ్ళ చప్పుడు. ఆవిడ చెప్పులు లేకుండా దిగుతూ పోతుంది. కొన్నాళ్ళు ఒక వంతెన దగ్గరే గడిచింది, ఎందుకంటే వంతెన మీద ఒక మేక అడ్డంగా పడుకుంది. కెప్టెన్ స్టీరింగు గుద్దేవాడు. "అదిలించవేం ఆ మేకని? ఇన్నాళ్ళు మేక దగ్గరేనా?"

"కలలో మేకని మీరు అదిలించి చూడండి, తెలుస్తుంది. నా కాళ్ళు నా మాట వింటే కదా."

చివరికి మేక లేచింది. వంతెన దాటితే ఆకుపచ్చ రంగు తలుపు. గొళ్ళెం ఇత్తడిది, అరిగి మెరుస్తోంది. ఆవిడ చెయ్యి ఎత్తింది. గొళ్ళెం మీద వేలు పడింది. చల్లగా తగిలింది.

అప్పుడే గాలి లేచింది. కలలో కాదు, రోడ్డు మీద.

ఖాళీ మైదానం పక్కనుంచి పోతున్నారు. కెప్టెన్ చెప్పే ప్రకారం ఆ గాలికి పెద్దకోడలు ముందు చక్రాలు రెండూ లేచి, కాసేపు ఆకాశం వైపు పోయి, ఇంటి పని గుర్తొచ్చి మళ్ళీ దిగింది. అది నమ్మినా నమ్మకపోయినా, తాళ్ళు పుటుక్కుమన్న మాట నిజం. కాన్వాసు ఒక్కసారి ఉబ్బి, కమానుల మీంచి జారి, పైకి లేచింది. పరుపులక్క కళ్ళు తెరిచేసరికి పైన గుడ్డ లేదు, ఒట్టి ఆకాశం. కాన్వాసు చెట్ల మీదుగా, నిదానంగా, ఎవరో పిలిస్తే వెళ్తున్నట్టు వెళ్ళిపోయింది.

వెతికారు. పొలాల్లో, పొదల్లో, కనబడ్డ ప్రతి మేడ మీదా. దొరకలేదు. ఇస్త్రీ ఆయన అది మబ్బులో కలిసిపోయిందన్నాడు, ఆ వారం కురిసిన వానలో దాని వాసన వచ్చిందని ప్రమాణం చేశాడు. సెలూన్ ఆయన అది ఏ ఓడకో తెరచాప అయ్యుంటుందన్నాడు. కెప్టెన్ మాత్రం దాని గురించి కోతలు కోయలేదు. అడిగితే, "పోయింది" అని ఊరుకునేవాడు. ఆయన నోట ఒక్క ముక్కలో జవాబు రావడం ఆ వీధి ఎరగదు. అందుకే మళ్ళీ ఎవరూ అడగలేదు.

గుడ్డతో పాటే నిద్రా పోయింది. తొట్టి మీద దుప్పటి కట్టి చూశారు, పట్టలేదు. కమానుల కింద ఒట్టినే పడుకుని చూసింది, ఎండ కళ్ళలో పొడిచింది. పరుపులక్క కళ్ళ కింద నీడలు దిగాయి. టీలో ఉప్పు వేసింది. తన పమిట కొంగునే పరుపులోకి కుట్టేసుకుని, లేవబోయి, పరుపుతో సహా లేచింది. అప్పుడైతే ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ ఒక మధ్యాహ్నం దబ్బనం బొటనవేలి గోరు పక్కనుంచి దూరి అటు తేలింది. దూది మీద ఎర్ర చుక్కలు పడ్డాయి. ఆవిడ దబ్బనం లాగేసి, వేలు నోట్లో పెట్టుకుని, దాన్ని తీసుకెళ్ళి గూట్లో పెట్టింది.

"చేతులు నా చేతుల్లా లేవండీ. ఇలా అయితే ఇంక ఇది ముట్టుకోను. వేలు పోతే పోయింది, విరిగిన సూది ఏ పరుపులోనో ఉండిపోతే? ఎవరి వీపుకో తగలదూ?"

డాక్టరుగారు మాత్రలిచ్చారు. వేసుకుంటే ఒళ్ళు పడుకునేది, మనిషి మేలుకునే ఉండేది. "బావిలో పడేసి మూత పెట్టినట్టుంటోంది" అని వాటిని పక్కన పెట్టేసింది.

కెప్టెన్ గూట్లో ఉన్న దబ్బనం వంక చూశాడు. గదిలో దూది కదలకుండా ఉంది. తుమ్మినా మబ్బు లేవదేమో అనిపించింది. లేచి చొక్కా వేసుకున్నాడు.

"ఎక్కడికి?"

"నీ నిద్ర కొలతలు ఇచ్చి రావడానికి. నువ్వూ రా. వేసుకునేది నువ్వు కదా."

పరుపులక్క తమ్ముడికి కవర్ల దుకాణం ఉంది. సీట్ల తొడుగులు, అంగళ్ళ ముందు పందిరి గుడ్డలు, లారీల కవర్లు, అన్నీ కుడతాడు. అందరూ కత్తెర అంటారు. చేతిలో కత్తెర లేకపోయినా మాట్లాడేటప్పుడు రెండు వేళ్ళూ కదుపుతూనే ఉంటాడు, ఎదుటివాడి మాట ఎక్కడ కత్తిరించాలా అని. తను కుట్టిన కవరు బిగువుగా ఉంటుందని అతనికి మహా గర్వం. "నేను కుట్టిన గుడ్డ మీద చీమ జారి పడాలి" అంటాడు.

"రండి బావా. ఏం, సముద్రం దొంగిలించిందా గుడ్డని?"

"ఒరేయ్, వేళాకోళం తర్వాత. మంచి గుడ్డ కావాలి. చిరగనిది, ఎగరనిది, నానినా ఎండినా నాలుగు కాలాల పాటు ఉండేది. దానికింద మీ అక్కకి నిద్ర పట్టాలి."

కత్తెర వేళ్ళు ఆగిపోయాయి. "చిరగనిది ఇస్తాను. ఎగరనిది ఇస్తాను. నిద్ర మాత్రం నా దగ్గర మీటర్ల లెక్కన దొరకదు బావా."

"అది నేను చూసుకుంటా. నీ దగ్గరున్నవన్నీ తీసి కమానుల మీద వెయ్యి."

గుడ్డ కొనేవాడు ఎవడైనా వేళ్ళమధ్య నలిపి చూస్తాడు, లాగి చూస్తాడు, మరీ జాగ్రత్తపరుడైతే వాసన చూస్తాడు. కెప్టెన్ తొట్టిలోకి ఎక్కి, చెప్పులు విడిచి, వెల్లకిలా పడుకున్నాడు. దుకాణం ముందు జనం పోగయ్యారు.

మొదట నీలం పట్టా వేశాడు కత్తెర. ప్లాస్టిక్‌ది. తేలిక, నీరు చుక్క దిగదు. కెప్టెన్ ముఖం, చేతులు, కాళ్ళవేళ్ళు అన్నీ నీలంగా మారిపోయాయి. పరుపులక్క తొంగిచూసి, "బాబోయ్, మునిగిపోయిన మనిషిలా ఉన్నారు, దిగండి" అంది. పైగా గాలి తగిలినప్పుడల్లా అది చిటపటమని నూనెలో ఏదో వేగుతున్నట్టు మోత. రెండు ఎండాకాలాలకే పొడిపొడిగా రాలిపోతుందని కత్తెరే ఒప్పుకున్నాడు.

తర్వాత రెగ్జిన్. నల్లది, గేదె వీపు చర్మమంత మందం. "బావా, ఇది మనకంటే ఎక్కువకాలం బతుకుతుంది" అన్నాడు కత్తెర. లోపల చిమ్మచీకటి, ఉక్క, కొత్త తోలు వాసన. పరుపులక్క ఎక్కిన కాసేపటికే చెమటలు కక్కుతూ దిగింది. "కొత్త బూటులో దూరిన బొద్దింకకి ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది."

చివరికి మూలనున్న చుట్టని కత్తెర భుజాన వేసుకొచ్చాడు. దళసరి నూలు కాన్వాసు, పైన సన్నగా మైనం పట్టించినది. రంగు ఎండుగడ్డికీ మట్టికీ మధ్య. పరిచి వేయగానే తొట్టిలో వెలుగు మారిపోయింది. పలచటి టీ రంగు వెలుగు. పరుపులక్క పడుకుని పైకి చూసింది. ముక్కుతో గాలి పీల్చింది. ఆ పీల్చడం చూసి కెప్టెన్‌కి తొట్టి పలకమీద చెయ్యి బిగుసుకుంది.

"ఇదేరా."

"ఉండండి బావా, పరీక్ష చేయకుండా ఇస్తే నా పేరు పాడవుతుంది" అని కత్తెర బకెట్టు నీళ్ళు తెచ్చి పైన కుమ్మరించాడు. నీళ్ళు ముత్యాల్లా జారిపోయాయి. "చూశారా? నూలు నానితే ఉబ్బుతుంది, ఉబ్బితే సందులు మూసుకుంటాయి. ఒక్కటే షరతు. తడిగా ఉన్నప్పుడు లోపల్నుంచి ముట్టుకోకూడదు. ముట్టుకున్నచోట నీరు దారి పట్టేస్తుంది."

ముట్టుకోవద్దంటే ముట్టుకోకుండా ఉండే మనిషైతే కెప్టెన్ బడి పూర్తి చేసి ఉండేవాడు. భార్య పక్కన దూరి చూపుడువేలితో మెల్లిగా తాకాడు. చుక్క ఊరింది. సాగింది. సరిగ్గా ఆయన ముక్కుమీద పడింది. ఆయనలో కెప్టెన్ ఉన్నాడని నీటికి కూడా తెలుసని జనం నవ్వారు.

కత్తెర గుడ్డని కొలిచాడు. "దీన్ని రెండు మూడుసార్లు తడిపి, ఎండబెట్టి, అప్పుడు కొయ్యాలి. కొత్త నూలు కదా, ముడుచుకుంటుంది. వచ్చేవారం రండి."

"వచ్చేవారమా? మీ అక్క కళ్ళు చూశావట్రా? ఇవాళే కుట్టు. డోలు బిగించినట్టు బిగించు. ఈసారి గాలి కాదు, గాలి తాత వచ్చినా లేవకూడదు."

"ముడుచుకుంటుంది బావా."

"అది ముడుచుకుంటే నేను దాన్ని బుజ్జగించుకుంటాలే. కుట్టు."

కత్తెర అక్క వంక చూశాడు. ఆవిడ తొట్టిలో కూర్చుని, రెప్పలు వాలుస్తూ, ఎత్తుతూ ఉంది. అంతే, మిషను ముందు కూర్చున్నాడు. "మీ ఇష్టం. తర్వాత నా చొక్కా పట్టుకోవద్దు" అన్నాడు గానీ, గొంతులో బిగువు లేదు. కుట్టులో మాత్రం ఉంది. అంచు నిండా ఇత్తడి రింగులు, రింగు రింగుకీ తాడు. సాయంత్రానికి పెద్దకోడలు కొత్త దుస్తుల్లో వీధిలోకి వచ్చింది. సెలూన్ ఆయన కవరు మీద వేళ్ళతో దరువు వేస్తే ఆ చప్పుడుకి పక్క వీధి కుక్కలు లేచాయి. చీమ నిజంగానే జారి పడింది. చూసినవాళ్ళున్నారు.

మర్నాడు పరుపులు ఎక్కించుకుని బయల్దేరారు. కొంచెం దూరం పోయాక కెప్టెన్ కిటికీ రెక్క మెల్లిగా జరిపాడు.

"పట్టిందా?"

"పడితే మాట్లాడతానా?"

ఇంకొంత దూరం పోయాక మళ్ళీ. "ఇప్పుడు?"

"మీరు అడగడం మానితే పట్టొచ్చు."

అడగడం మానాడు. పట్టలేదు. వారమంతా అంతే. గుడ్డ అదే, వెలుగు అదే, వాసనా దగ్గరదగ్గర అదే. అయినా ఆవిడ కళ్ళు విప్పుకుని పడుకునేది. "ఎందుకో డోలులో పెట్టి మూసేసినట్టుందండీ. రాయి తగిలినా, పిట్ట రెట్ట వేసినా నా తలలో మోగుతోంది."

ఆ తర్వాత వాన వచ్చింది. నడిరోడ్డు మీద, కొత్త కవరు మీద, మొదటి వాన. మొదట దరువులా మొదలైంది. తర్వాత గుడ్డ సన్నగా మూలిగింది. కెప్టెన్‌కి ఆ మూలుగు బండిదనిపించి, "ఓర్చుకో పెద్దకోడలా" అన్నాడు. అప్పుడు ఫట్‌మని ఒక రింగు ఊడి రోడ్డు మీద దొర్లింది. ఇంకొకటి. ఇంకొకటి. నానిన గుడ్డ ముడుచుకుంటూ, ఎవరో లంగా ఎత్తి కాలువ దాటుతున్నట్టు, నాలుగు వైపులా పైకి ఎక్కింది. అంచునున్న పరుపుల్లోకి నీళ్ళు కొట్టాయి. పరుపులక్క పరుపుల్ని మధ్యకి లాగుతూ, తడుస్తూ, "ఆపండి, ఆపండి" అని అరిచింది.

ఆయన ఆపాడు. లంగరు దించానని అనలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి కూర్చుండిపోయాడు. ఆవిడ ముందుకి వచ్చి పక్కన కూర్చుని, కొంగు పిండుకుని, ఆయన మొహం చూసింది.

"ఏమీ అనరేం?"

"ఏమంటాను? వాడు చెప్పాడు. నేనే వినలేదు. నీకు నిద్ర తెస్తానని, ఉన్న పరుపులు తడిపాను."

"పెద్ద తుపాను వచ్చిందని చెప్పండి. తిమింగలం వచ్చి అంచు కొరికిందని చెప్పండి. మీరిలా ఉంటే నాకు భయంగా ఉంది."

ఆయన నవ్వలేకపోయాడు. వాన తగ్గింది. రింగులు ఊడినచోట వదులైన గుడ్డ మూల, గాలికి మెల్లిగా లేచి పలకకి తగులుతోంది. టప్. కాసేపాగి, టప్.

పరుపులక్క తల తిప్పింది. "విన్నారా?"

"ఏంటి?"

"అది. పాతది అలాగే కొట్టుకునేది. ఇన్నేళ్ళూ నా తలదగ్గర. అది వదులుగా ఉండేదండీ, ఊపిరి పీల్చేది. మీరేమో కొత్తదానికి ఊపిరాడకుండా బిగించారు." చెబుతుండగానే ఆవిడకి ఆవలింత వచ్చింది. పెద్దది. దవడ పట్టేసేంతది. ఆ ఆవలింతని కెప్టెన్ వాన వెలిసిన ఆకాశాన్ని చూసినట్టు చూశాడు.

బండి తిన్నగా కత్తెర దుకాణానికి పోయింది. కత్తెర బావ చొక్కా వంక, కవరు అంచు వంక చూసి, ఏదో అనబోయి, అక్క మొహం చూసి మింగేశాడు. కానీ అసలు కోరిక వినగానే లేచి నిలబడ్డాడు.

"వదులుగానా? నా చేత వదులుగా కుట్టిస్తారా? చూసినవాళ్ళు నాకు కొలతలు రావనుకోరూ? అయినా వదులుగా ఉంటే గుడ్డ కమానుకి రాసుకుంటుందక్కా. ఎంత గట్టి గుడ్డయినా ఇనుముకి రాసుకున్న చోట చిల్లుపడుతుంది. మీ పాతదాని తాళ్ళు తెగింది కూడా ఆ రాపిడికే, ఒట్టి గాలికి కాదు."

"రాసుకోకుండా నేను చూస్తాను. గుడ్డ ఇలా ఇవ్వు."

ఇంటికొచ్చి గూట్లోంచి దబ్బనం తీసింది. ముడుచుకుపోయిన కాన్వాసు చుట్టూ వెడల్పాటి చారల పరుపు గుడ్డని, రెండు పొరలు మడిచి, మైనపు నూలుతో అంచు కుట్టింది. కమానులకి దూది చుట్టి, పైన చారల తొడుగు వేసి, పరుపుకి వేసినట్టే ముడులు వేసింది. చేతులు వణికినప్పుడు ఆగింది. కెప్టెన్ ఎదురుగా కూర్చుని, ఆవిడ చెయ్యి ఆగినప్పుడల్లా దబ్బనం అవతలి వైపు నుంచి లాగి ఇచ్చాడు. రింగులు కత్తెరే మళ్ళీ వేశాడు, మొహం ముడుచుకుని, వదులుగా. చివరికి కమాను మీద చెయ్యి వేసి నొక్కి చూసి, "బండికి పరుపు కుట్టావేంటక్కా" అన్నాడు. "ఇప్పుడిది అరగదు. ఒప్పుకుంటున్నా. కానీ కుట్టింది నేనని ఎవరికీ చెప్పకండి."

అంత వదులు కవరుని చూసి వీధి నవ్వింది. పెద్దకోడలు అత్తగారి జాకెట్టు తొడుక్కుందన్నాడు ఇస్త్రీ ఆయన. కెప్టెన్ పట్టించుకోలేదు.

హాస్టలుకి పరుపులు దింపాల్సిన మధ్యాహ్నం, మబ్బు పట్టి ఉంది. పరుపులక్క తొట్టిలోకి ఎక్కింది. కెప్టెన్ కిటికీ రెక్క తెరిచే ఉంచి, పూలబుట్ట మోస్తున్నవాడిలా బండి తేల్చాడు. సన్నగా వాన మొదలైంది. కాన్వాసు మీద వాన చప్పుడు దూరంగా, పక్కగదిలో ఎవరో బియ్యం చెరుగుతున్నట్టుంది. అంచు ఊగింది. టప్. కాసేపాగి, టప్. ఆయన ఊపిరి బిగబట్టి విన్నాడు. చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత వచ్చింది. సన్నగా. పిల్లి గురక.

హాస్టలు వచ్చింది. ఆయన ఆగలేదు. గేటు దగ్గర నిలబడ్డ వార్డెన్ చెయ్యి ఊపితే, తనూ చెయ్యి ఊపి ముందుకి పోయాడు. ఊరు దాటాడు. పొలాలు దాటాడు. ఆ మధ్యాహ్నం ఆయన ఎంత దూరం పోయాడంటే ఒక చోట సూర్యుడే దారి అడిగాడట. ఆఖరికి పెట్రోలు ముల్లు అడుగంటితే, ఒక దిబ్బ పక్కన, గుండె చిక్కబట్టుకుని ఇంజను ఆపాడు. గురక ఆగలేదు.

చూద్దామని వెనక్కి వెళ్ళి, అంచు ఎత్తి లోపలికి దూరాడు. టీ రంగు వెలుగు. ఆవిడ నోరు కాస్త తెరిచి, చెంప కింద చెయ్యి పెట్టుకుని. ఇన్నేళ్ళుగా ఆయన ఈ బండిని ముందు సీట్లోంచే ఎరుగును. ఈ గుడ్డ కిందకి, ఆవిడ పక్కకి, ప్రయాణం మధ్యలో ఎప్పుడూ రాలేదు. చుక్కాని ఎవరు పట్టుకుంటారు మరి? కాసేపు కూర్చుందామనుకున్నాడు. వీపు వాల్చాడు. తల దగ్గర టప్ మంది. ఆ రెండో టప్ ఆయన వినలేదు.

వాలుగా దిగే వీధి. కుండీలు. నీళ్ళ చప్పుడు. వంతెన మీద మేక లేదు, మేక పడుకున్న చోటు మాత్రం పొడిగా ఉంది. ఆకుపచ్చ తలుపు. ఆయన గొళ్ళెం తీశాడు.

కళ్ళు తెరిచేసరికి పరుపులక్క మోచేతి మీద లేచి ఆయన్నే చూస్తోంది. కళ్ళు కడిగినట్టున్నాయి. వాన ఇంకా పడుతోంది.

"తలుపు తెరిచావా?" అన్నాడు ఆయన.

"కలే రాలేదండీ. ఒక్క ముక్క రాలేదు. రాయిలా పడుకున్నాను. హాయిగా ఉంది. ఏం, మీరెందుకలా ఉన్నారు?"

"నేను తెరిచాను."

ఆవిడ పెదవి విరిచింది. "ఇంక మొదలెట్టండి. లోపల ఏనుగుందా, ఓడుందా?"

"ఏమీ లేదు. ఒక పెరడు. ఈ గోడ నుంచి ఆ గోడకి తాడు. తాడు మీద మన కాన్వాసు ఆరేసి ఉంది. తడిగా ఉంది. నీళ్ళు కారుతున్నాయి. అంతే."

అంత పొట్టి కథ ఆయన జన్మలో చెప్పలేదు. ఆవిడకి నవ్వాలో వద్దో తెలియలేదు.

"లోపలివైపు, ఒక మూల, పూలగుడ్డ అతుకొకటి ఉంది" అన్నాడు ఆయన. "చిన్నది. తెల్లదారంతో వేసి ఉంది. అదెప్పుడు వేశావు?"

పరుపులక్క పైకి లేచి కూర్చుంది. అది ఆవిడ చిన్నప్పటి దిండు గలీబు ముక్క. తను ఒక్కతే పడుకునే చోట, తన తలకి పైన, ఎవరికీ చెప్పకుండా వేసుకున్న అతుకు. ఆయన ఆ మూల ఎప్పుడూ చూడలేదు. ఆవిడ చాలాసేపు ఆయన మొహంలో వెతికింది. కోతలు కోసేటప్పుడు ఆయన ఎడమ కనుబొమ్మ లేస్తుంది. అది లేవలేదు.

"ఆరేసి ఉందన్నమాట" అంది చివరికి. "మంచిదే. ఎవరో తీసిపెట్టారు. పక్కన ఎవరైనా ఉన్నారా, ఆరాక మడతపెట్టడానికి?"

"ఎవరూ కనబడలేదు. అంతలో మెలకువ వచ్చింది."

"అదేం పనండీ? తడిగుడ్డ అలా వదిలేసి వచ్చేస్తారా? బూజు పడుతుంది." ఆవిడ ఒక పరుపుని సర్ది, చేత్తో తట్టి సమం చేసింది. "పడుకోండి. వెళ్ళి మడతపెట్టి రండి."

"హాస్టలు వాళ్ళు ఎదురుచూస్తుంటారే."

"చూడనివ్వండి. ఇవాళ నిద్ర మీది. నేను మేలుకునే ఉంటాను."

కెప్టెన్ పడుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. పైన వాన. అంచు ఊగి, పలకకి తగిలి, ఆగింది. ఆయన చెయ్యి, అలవాటు కొద్దీ, గుడ్డ ఎలా ఉందో చూద్దామని మెల్లిగా పైకి లేచింది. ఆవిడ దాన్ని గాల్లోనే పట్టుకుని కిందికి దించి, తన చేతి కింద పెట్టుకుంది.

"ముట్టుకోకండి" అంది. "కారుతుంది."